మొగుడి వంతు మాత్రలు

సత్యవాణి బాత్రూంలోకి వెళ్లిందంటే చాలు, మహాలక్ష్మమ్మ చెవులు ఆ తలుపు దగ్గరే ఉండేవి. కూతురు పళ్లు బిగబట్టి మంటను ఓర్చుకుంటుంటే, ఆ చిన్న మూలుగు తల్లి కడుపులో దిగబడేది. పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పొత్తికడుపులో పోటు, తెల్లబట్ట, దురద. కడియం నర్సరీలో మొక్కల కవర్లలోకి మట్టి నింపుతున్నా ఆవిడ మనసు ఇంట్లోనే ఉండేది. ఏదైనా సరే ముందు చెడే తోస్తుంది ఆ తల్లికి. పిల్ల దగ్గితే క్షయ, ఫోను తీయకపోతే యాక్సిడెంటు. ఇప్పుడైతే ఒకటే మాట, నోటితో అనడానికి కూడా భయపడే మాట: కేన్సరు.

ఆ మాట ఊళ్లో ఆర్ఎంపీ గంగరాజు అననే అన్నాడు. నాడి మాత్రం పట్టుకు చూసి, గర్భసంచికి పుండు పడిందనీ, ఉంచితే కేన్సరులోకి దింపుతుందనీ, తనకు తెలిసిన నర్సింగ్ హోంలో తీయించేస్తే పీడ వదులుతుందనీ చెప్పాడు. నిండా పాతికేళ్లు లేని పిల్లకి! అల్లుడు శ్యాంబాబు మొక్కల లోడుతో దేశమంతా లారీ తిప్పుతాడు. ఎక్కడో దారిలోంచే ఫోనులో సరేనన్నాడు. శుక్రవారం దిగుతాననీ, శనివారం ఆపరేషన్ పెట్టించమనీ చెప్పి కట్ చేశాడు. ఆ సంచేదో తన లారీలోంచి దించే మూటైనట్టు.

ఎంత భయమున్నా మహాలక్ష్మమ్మకు ఆ తొందర మింగుడు పడలేదు. ఎవరికీ చెప్పకుండా కూతుర్ని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ ప్రసన్నకుమారి పరీక్ష చేసి, సత్యవాణిని గుర్తుపట్టి కసురుకుంది. గర్భసంచి శుభ్రంగా ఉందట. ఇది భార్యాభర్తలకు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బట. క్రితంసారి ఒక్కతే వచ్చినప్పుడే ఇద్దరికీ మాత్రలిచ్చి పంపిందట. మీ ఆయన వాడాడా అని అడిగితే సత్యవాణి తల దించుకుని, వాడారండి అంది.

వరండాలోకి వచ్చాక తల్లి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నిజం చెప్పు. అతను మింగాడా?"

"ఆయనకి చెప్పడానికి నోరు రాలేదమ్మా. ఆయన వంతు కూడా నేనే మింగేశాను."

"నువ్వు మింగడమేంటే?"

"అట్లతద్దికి ఉపోషం నేనుంటే ఆయనకి మంచి జరగదా? ఇదీ అంతే అనుకున్నా. ఒకటే వాంతులమ్మా."

మహాలక్ష్మమ్మ గోడకు ఆనుకుంది. ఒళ్లు మండిపోయింది. పిల్ల తెలివితక్కువతనం మీద కాదు. మొగుడి కోసం పస్తులుండమని నేర్పిన లోకం మీద, తన మీద, ఒక్క పూటైనా పెళ్లాం కోసం పస్తుండని ఆ మగాడి మీద. కూతురి చెయ్యి పట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లి జరిగింది చెప్పింది. ఆవిడ ఈసారి కసరలేదు. ఇద్దరికీ మళ్లీ మాత్రలిచ్చింది. మందు ఎవరి ఒంట్లోకి వెళ్తే వాళ్లకే పనిచేస్తుందనీ, ఇద్దరూ ఒకేసారి వాడాలనీ, పూర్తయ్యేదాకా దూరంగా ఉండాలనీ చెప్పింది. అతను వాడకపోతే గర్భసంచి కోసి పారేసినా జబ్బు మళ్లీ వస్తుందంది.

శుక్రవారం మధ్యాహ్నం శ్యాంబాబు విస్తరి ముందు కూర్చున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ మహాలక్ష్మమ్మ అల్లుడి ఎదుట నిలబడింది లేదు. వంటింటి తలుపు చాటు నుంచే మాట్లాడేది. ఆ రోజు తలుపు దాటి వచ్చింది. మొదట తీపి వడ్డించాల్సిన చోట మాత్రలు పెట్టింది.

"ఏంటండి అత్తగారూ ఇది?"

"మీ వంతు బాబూ. ఇది మింగాకే అన్నం."

శ్యాంబాబు నవ్వాడు. "నాకేం రోగమండీ, దున్నపోతులా ఉంటే. రోగం మీ అమ్మాయిది. రేపు కోయించేస్తే సరిపోద్ది."

"దున్నపోతుకీ గాలికుంటు వస్తాది బాబూ. మందకంతా అంటించేసి అది కూడా ఇలాగే తిరుగుద్ది."

అతని మొహం నల్లబడింది. అల్లుడితో మాట్లాడే మాటలేనా ఇవి అన్నాడు.

"నా పిల్ల కడుపు కోయించమని ఫోనులో చెప్పడానికి మీకు సిగ్గెయ్యలేదు. మాత్ర మింగడానికి వేస్తందా?"

అతను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. మహాలక్ష్మమ్మకు ముందు చెడే తోచింది. పెట్టిన విస్తరి వదిలి అల్లుడు వెళ్లిపోతాడు, పిల్లను ఏలుకోడు, ఊరంతా తననే ఆడిపోసుకుంటుంది. అన్నీ కళ్లకు కట్టాయి. అయినా గుమ్మానికి అడ్డం తప్పుకోలేదు.

అప్పుడు సత్యవాణి మంచినీళ్ల గ్లాసుతో వచ్చింది.

"మీ బదులు ఉపోషాలుంటాను. మీ బదులు ఇవి మాత్రం ఇంక మింగనండి. రేపు ఆపరేషన్‌కీ రాను. మీరు వాడకపోతే మీ ఇంటికీ రాను."

గ్లాసు అతని ముందుకు చాచి అలాగే నిలబడింది. శ్యాంబాబు వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. వంటింట్లోంచి రొయ్యల ఇగురు వాసన వస్తోంది. కూలబడ్డట్టు కూర్చుని, మాత్రలు నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"నోరు తెరవండి బాబూ," అంది మహాలక్ష్మమ్మ.

"ఏంటండి?"

"నాలిక ఎత్తండి."

ఎత్తాడు. ఆవిడ వంగి, చంటిపిల్లాడి నోరు చూసినట్టు చూసింది. మిగతా మాత్రలు కొంగున ముడేసుకుని, అన్నీ అయ్యేదాకా లారీ ఎక్కడానికి వీల్లేదంది. అప్పుడు గానీ విస్తట్లో బూరె వేయలేదు. వేసి, తలుపు చాటుకు వెళ్లలేదు. అతని ఎదురుగానే పీట వేసుకుని కూర్చుంది. ఇంకా కక్కేస్తాడేమోనని భయం.