కొండప్ప వీరగల్లు

తల్లిగొర్రె వెనక్కాలితో తన్నింది. కొండప్ప దాని మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అప్పుడే పుట్టిన పిల్ల మూతిని పొదుగుకు ఆనించాడు. తొలిచూలు గొర్రెలకు ఈ పొగరు మామూలే. పిల్ల ఒకటి రెండుసార్లు జారిపోయి చివరికి రొమ్ము అందుకుంది. దాని తోక టపటపా కొట్టుకోవడం చూసి ముసలాయన ముఖం విచ్చుకుంది.

"తాగు తల్లీ, తాగు. మీయమ్మకు కోపమెక్కువ, పాలూ ఎక్కువే."

పొట్టి మనిషి. దొడ్డికాళ్లు. మంచు కొరికిన ఎడమ చెవి అంచు ఎండిన తమలపాకులా ముడుచుకుపోయి ఉంటుంది. అరవై దాటి చాలా కాలమైంది. మిలిటరీ నుంచి వచ్చినప్పటి నుంచీ మడకశిర దారిలోని ఈ ఊళ్లో గొర్రెలు కాస్తున్నాడు. అంతకు ముందు కాసినవి కంచరగాడిదలు. ఉత్తరాన కొండల మీద, మోటారు బండి పోలేని దారుల్లో వాటి వీపు మీద సరుకులు వేసి పై శిబిరాలకు నడిపించడం ఆయన ఉద్యోగం. ఆ మాట ఊళ్లో ఎప్పుడో చెప్పాడు. ఎవరు నమ్మాలి? "ఇన్నేండ్లు మిలిటరీలో గాడిదలు కాసినావా అన్నా!" అని రచ్చబండ మీద వాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అంతటి యోధుడికి ఎంత అణకువో అని కూడా అనుకున్నారు. నిజం చెప్పినా గొప్పగానే అర్థమైతే ఇక మనిషి చేసేదేముంది?

దొడ్డి ముందు మోటార్ సైకిల్ ఆగింది. తమ్ముడి కొడుకు వీరేష్ ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

"పెద్దనాయనా, సూడు! రంగన్న రాయి సెక్కేసినాడు. జెండా పండగ నాడు ఊరి ముందర నాటుతాండాం. నీదే!"

ఫోనులో నల్లరాతి పలక. దాని మీద ఇనుప టోపీ పెట్టుకున్న సైనికుడు, మెలితిరిగిన మీసం, చేతిలో తుపాకీ. కాలికింద వెల్లకిలా పడిన మనిషి. అడుగున 'వీరయోధుడు కొండప్ప' అని అక్షరాలు.

పాలచెంబుతో వచ్చిన కొండప్ప పెండ్లాం పెద్దక్క, మొగుడి భుజం మీదుగా తొంగిచూసి గుండె బాదుకుంది.

"నీ తలకాయ పగలా! వీరగల్లు సచ్చినోళ్లకు నాటేది గదరా! బతికుండే మనిషికి రాయి నాటేది యాడన్నా ఉండాదా?"

"అది పాతకాలంలో పెద్దమ్మా. ఇప్పుడు మనిషి ఉండంగనే గౌరవించుకోవల్ల."

"గౌరవమంటే శాలువా కప్పురా, సమాధి కట్టొద్దు!"

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. పొలాలకు పోయే దారిలో పాత వీరగల్లు ఒకటి ఉంది. ఏ కాలంలోనో దొంగలు ఊరి ఆవులను తోలుకుపోతుంటే అడ్డంపడి ప్రాణం విడిచినవాడి రాయి. విల్లు పట్టుకున్న మనిషి పైన, ఆవులు కింద చెక్కి ఉంటాయి. మంద తోలుకుపోయే కురుబోళ్లు దానికి ఇంత నూనె రాసి ముందుకు సాగుతారు.

కొండప్పకు రాయి అంటే భయం లేదు. కాలికింద పడి ఉన్న మనిషే పంటి కింద రాయిలా తగిలాడు. వద్దందామని నోరు తెరిచాడు. వీరేష్ ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. అంత ప్రేమను విరిచే మాట నోటికి రాలేదు.

"మీరు నన్ను తల్సుకున్నారే, అదే సాలు నాయనా," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు.

ఆ రోజు మందను ఎప్పటిలా గుట్టవైపు తోలలేదు. మడకశిర రోడ్డు వైపు మళ్లించాడు. వానల్లేక వేరుశనగ మొక్కలు మధ్యాహ్నం కాకముందే ఆకులు ముడుచుకున్నాయి. రోడ్డు పక్కన రంగన్న రాళ్లు చెక్కే చోటు. మందను పక్కనున్న బీట్లో వదిలి, కొండప్ప ఆ పలక ముందు నిలబడ్డాడు. ఫోనులో కంటే ఇంకా ఘోరంగా ఉంది. కాలికింద మనిషి నోరు తెరిచి ఉన్నాడు.

"వీడెవరప్పా?"

"శత్రువన్నా," అన్నాడు రంగన్న దుమ్ము దులుపుకుంటూ.

"నేనెవర్నీ తొక్కలేదే. తుపాకీ ఇచ్చినారు, మోసినాను. ఒగరి మీద పేల్చింది ల్యా. వీణ్ని తీసెయ్యి రంగన్నా, నీకు పున్నెముంటాది. నేను పోయినాక గూడా వీడు నా కాలికింద నలగాల్నా?"

రంగన్న ఉలిని మొలలో దోపుకుని ఆలోచించాడు.

"తీయొచ్చు. తీసింది మళ్లా అతికించేకి రాదు. తుపాకీ గూడా తీస్తే సెయ్యి ఉత్తదైపోతాది. అందులో ఏం పెట్టల్ల?"

"తాడు."

"తాడా? ఆ కొసకు?"

"బూదెమ్మ," అన్నాడు కొండప్ప. ఆ పేరు బయటికి అని ఎంత కాలమైందో, అంటూనే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

బూడిద రంగు కంచరగాడిద. మిలిటరీ దానికి ఒక నంబరు ఇచ్చింది, పేరు పెట్టుకున్నది ఈయన.

"పైనుండే పిల్లోళ్లకు పప్పూ కిరసనాయిలూ తూటాలూ మోసుకుపోతా ఉంటిమి. ఒగ దినం మంచు కురుస్తాండాది. ఇది నిలబడిపోయినాది. లాగితే రాదు, తిడితే రాదు. కొట్టినా గూడా అడుగెయ్యల్యా. మొండిముండ అనుకుంటాండా, అంతలోకే మా ముందర దారి దారంతా కూలి లోయలోకి పోయినాది. నేను దాని మెడ పట్టుకుని సంటిబిడ్డ మాదిరి ఏడ్సినాను రంగన్నా." బీట్లో మేస్తున్న మంద వైపు చూశాడు. "మనూరి వీరుడు గొడ్లను కాపాడి సచ్చినాడు. నన్ను గొడ్డే కాపాడినాది. పెండ్లాం, గొర్రెలు, ఈ వీరేష్‌గాడు, ఇదంతా ఆయమ్మ పెట్టిన బిచ్చం."

రంగన్న పలక కుడివైపు ఖాళీని తడిమాడు. "ఈడ జెండా సెక్కల్లని ఇడిసిపెట్టినా."

"జెండా నిజందే ఎగరేస్తారు గదప్పా. ఈడ బూదెమ్మను సెక్కు."

"నేను కంచరగాడిదను సూడల్యా అన్నా. గుర్రమా, గాడిదా?"

"తల్లి గుర్రం, తండ్రి గాడిద. సెవులు నాయనవి."

ఇద్దరూ నవ్వుకున్నారు. రంగన్న ఇచ్చిన సుద్దముక్కతో కొండప్ప రాతి మీద బూదెమ్మను గీశాడు. గీత వంకర పోయింది, బొమ్మ కుదరలేదు. తుడిచి మళ్లీ గీశాడు. ఈసారి అది తల కాస్త వంచుకుని నిలబడింది. చివర్లో సైనికుడి పిడికిలి దగ్గర మొదలుపెట్టి దాని మూతి దాకా తాడు గీశాడు. బిగువుగా కాదు, వదులుగా, కాస్త వేలాడేటట్టు.

"ఆ మంచు దినం తప్పితే అది ఎప్పుడూ లాగించుకుంది ల్యా," అని చెప్పి సుద్దచేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఎదలో ఏదో పట్టేసినట్టుందని, బీట్లో ఉన్న కానుగ చెట్టు నీడలో నడుం వాలుస్తానని వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా వీరేష్ వచ్చాడు. రాతి మీద కాలికింద చోటు నున్నగా ఉంది.

"ఏంది రంగన్నా ఇది! శత్రువు యాడికి పోయినాడు?"

"మీ పెద్దనాయన ఇంటికి పంపిచ్చేసినాడు."

వీరేష్ పళ్లు కొరుకుతూ చెట్టు దగ్గరికి పోయాడు. ఎండ తిరిగినా కొండప్ప లేవలేదు. గొర్రెలు మేత మాని ఆయన చుట్టూ చేరి నిలబడ్డాయి. "పెద్దనాయనా," అని భుజం కదిపాడు. చెయ్యి చల్లగా తగిలింది. ముఖంలో బాధ ఏమీ లేదు, పని ముగించుకుని పడుకున్న మనిషి ముఖమది.

కొండప్పను మన్ను చేసి వచ్చాక వీరేష్ పెద్దక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నా రాయే సంపింది పెద్దమ్మా. నువ్వు సెప్పితివి, నేను ఇనకపోతి."

పెద్దక్క వాడి తలను ఒళ్లోకి లాక్కుంది. ఆమె కళ్లు అప్పటికే ఎండిపోయాయి. రాతి మీద ఆయన గీసింది రంగన్న చెప్పాడు, బూదెమ్మ సంగతి ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు.

"రాయి ఎవర్నీ సంపదురా పిచ్చోడా. మంచులో పోవల్సిన మనిషి. ఇన్నేండ్లు నాకు మిగిల్నాడు, నేనెంత అదృష్టవంతురాల్నో నీకేం తెలుసు? ఇప్పుడు నాటండి. ఆయన గీసినట్టే నాటండి."

రంగన్న వచ్చి అడుగున అక్షరాలు ఏం చేయాలని అడిగాడు. వీరయోధుడు అన్న మాటను తీసేద్దామా అని వీరేష్ మెల్లగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉండనీ. పైనుండే పిల్లోళ్లకు కడుపుకింత పెట్టి వచ్చినోడు. ఆ మాట మొయ్యలేడా ఏంది? పక్కన ఆ బూదెమ్మ పేరు గూడా సెక్కు, బరువు పంచుకుంటాది."

కర్మ జరిపిన దినం నాడు పాత వీరగల్లు పక్కనే రాయిని నాటారు. పొద్దున మందలు తోలుకుపోయేవాళ్లు కొండప్ప నుదుటికి ఇంత, బూదెమ్మ నుదుటికి ఇంత నూనె రాసి పోతున్నారు. రంగన్న బూదెమ్మను చెవులతో సహా చెక్కాడు గానీ, తాడు దగ్గర మాత్రం ఉలి పెట్టలేదు. వాన ఇంకా పడలేదు. సైనికుడి పిడికిలి నుంచి బూదెమ్మ మూతి దాకా, కొంచెం వణికి, కొంచెం వేలాడుతూ, ఆ సుద్దగీత అలాగే ఉంది.