కొయ్యమన్న అక్షరం

కొత్త చర్చి ప్రతిష్ఠ కోసం శారోన్ థర్మోకోల్ షీటు మీద అక్షరాలు కోస్తుంటే, భర్త జయప్రకాష్ బీరువాలోంచి పాత బైబిలు ఆకును తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అది తర్వాత చూడొచ్చు గానీ, ముందు దీంట్లో బంగారు అక్షరం కోసివ్వు. సాయంత్రం బిషప్ అయ్యగారికివ్వాలి."

శారోన్ చేతిలో బ్లేడు ఆగిపోయింది.

రాజోలు దగ్గర ఆ సంఘంలో పండగైనా, పెళ్లైనా, స్టేజీ తెర మీది అక్షరాలు శారోన్ కోయాల్సిందే. మెరుపు కాగితం అంటించేదీ, చివర్న పొట్టు ఊడ్చేదీ ఆమే. మైకులో కృతజ్ఞతలు మాత్రం సంఘ పెద్ద జయప్రకాష్ గారికి. పెళ్లయిన కొత్తలో అందుకు మురిసిపోయింది కూడాను, పిచ్చి మొహం.

ఈ ఆకు సంగతి వేరు. బోర్డింగ్ స్కూల్లో చదువు చెప్పిన ఇటలీ మదర్ తమ దేశం వెళ్లిపోతూ శారోన్ చేతిలో పెట్టింది. ఏడొందల ఏళ్ల కిందట ఇటలీలోని బొలోన్యాలో తోలు మీద చేత్తో రాసిన లాటిన్ బైబిల్లోంచి విడిపోయిన ఒక ఆకు. రూతు గ్రంథం మొదటి అక్షరానికి బంగారు రేకు అద్ది, అందులో మోయాబుకు వలసపోతున్న కుటుంబాన్ని వేశారు. ముందు మొగుడు చేతులూపుకుంటూ, వెనక మూటతో రూతు అత్త నయోమి. శారోన్ దాన్ని పూతరేకు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేది.

మిగతా బైబిలు ఏమైందో వెతకబోతే తెలిసింది, అక్కడివాళ్లూ ఇదే పని చేశారని. బొమ్మలున్న అక్షరాలు కోసి ఆల్బముల్లో అంటించుకున్నారు. మిగిలిన ఆకులు వేరే పుస్తకాలకు అట్టలయ్యాయి. శారోన్ ఫోటో పంపితే ఇటలీలో ఒక గ్రంథాలయం వాళ్లు, మా దగ్గరున్న ముక్కలు కూడా ఆ బైబిలువే కావచ్చు, వెనకవైపు కూడా తీసి పంపండి అని మెయిలు పెట్టారు. కాలేజీలో పాఠాలు చెప్పొచ్చి, వండి, తోమి, ఆ పైన లాటిన్ కూడబలుక్కునే మనిషికి అంతకన్నా ఏం కావాలి? "అన్నం పెడతాయేంటమ్మా ఆ అక్షరాలు?" అని అత్తగారు ఇందిర ఎన్నిసార్లందో.

"కోస్తే వెనకవైపు మాటలు పోతాయండీ," అంది మెల్లగా.

"పోతే పోనీ, ఎవరు చదువుతారు? కమిటీలో చెప్పేసేను కూడా. ఫ్రేములోకి ఆ బొమ్మ చాలు."

"నన్నడక్కుండానా?"

"అడగడానికేముంది? దేవుడికేగా ఇస్తున్నాం."

వంటింట్లోంచి ఇందిర అందుకుంది. "మాటిచ్చేక వెనక్కి తీసుకుంటే వాడి పరువేం కానూ? అత్తని విడవని రూతులా అత్తింట్లో ఉండమని మీ పెళ్లిలో పాస్టరు గారు చెప్పలేదూ?"

నువ్వెక్కడికెళ్తే నేనూ అక్కడికే వస్తానని రూతు తన అత్తతో అన్న మాటలు సరిగ్గా ఆ బంగారు అక్షరం వెనకే ఉన్నాయి. బొమ్మ కోస్తే రూతు నోరు పోతుంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికి చెప్పాలి? కొయ్యనంటే ఈయన వారం రోజులు మాట్లాడడు, అందరి ముందూ పొగరుబోతు అనిపించుకోవాలి. ఇవాళ దాచినా, రేపు తను కాలేజీకెళ్లాక ఆయనే కత్తెర పట్టుకుంటే? పిహెచ్‌డీ మానెయ్యమన్నప్పుడూ ఇలాగే భయపడింది. భయపడి, సరేనండీ అనేసింది. ఇంటికి అక్కరకొచ్చే ఉద్యోగం ఉంచి, తక్కినదంతా తీసేసుకున్నారు. ఎవరూ బ్లేడు పట్టలేదు, అంతే తేడా.

"అయ్యిందా? ఫ్రేమువాడు షాపు కట్టేస్తాడు," అన్నాడు జయప్రకాష్ వాచీ చూసుకుంటూ.

శారోన్ బ్లేడు కింద పెట్టింది.

"మాటిచ్చింది మీరు కాబట్టి, మీదేదైనా ఇవ్వండి. ఇది నాది."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. జయప్రకాష్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. తనదంటూ ఏముందో గుర్తు తెచ్చుకుంటున్నట్టు గదంతా కలయజూశాడు.

శారోన్ ఆకును వెనక్కి తిప్పి, ఫోను తీసింది. ఇటలీ గ్రంథాలయం వాళ్లడిగిన వైపు మొత్తం ఒక ఫోటో తీసింది. రూతు మాటలు దగ్గరగా మళ్లీ తీసింది.