సముద్రానికి తోలిన గేదె

మా ఊరి పెద్దల పెద్దరికం మండిపోను! వాళ్ళ వల్ల నా దూడ పోయింది.

తొంభై ఎనిమిదిలో దివిసీమలో మా ఊరికి గాలికుంటు తగిలింది. గొడ్ల నోళ్ళనిండా పొక్కులు, గిట్టల మధ్య పుళ్ళు, ఆగకుండా చొంగ. నా గేదె మాత్రం బాగానే ఉంది. ఈని ఎన్నాళ్ళో కాలేదు. మునుపటి ఈతల్లో అన్నీ దున్నదూడలే, ఈసారి పెయ్య పుట్టింది. దాని మీద నేను పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు. టీకా వేయమని పశువుల డాక్టరు గారిని అడిగితే మందు అయిపోయిందన్నారు.

"ఇంటి దగ్గరే కట్టెయ్యి దుర్గమ్మా. జబ్బు గొడ్లతో కలవనివ్వమాక. తల్లికి అంటుకుంటే దూడ దక్కదు" అన్నారు.

అలాగే కట్టేశాను. మేతా నీళ్ళూ పాకలోకే మోశాను.

ఇంతలో ఊరిపెద్ద ధర్మారావు గారు గొడ్లన్నిటినీ పాలకాయతిప్ప తోలి సముద్రంలో నిలబెట్టాలన్నారు. ఉప్పునీళ్ళకి పుళ్ళు మాడతాయి, నేను కాదనను. కానీ ఒక్క గొడ్డు ఆగిపోయినా జబ్బు ఊళ్ళోనే ఉండిపోతుందట!

"జబ్బు లేని గేదెకి వైద్యమేంటండీ బాబాయి గారూ?" అన్నాను.

"ఊరందరికీ ఒకటీ, నీకొకటీనా అమ్మాయ్?"

"గేదె నాది. నేను తోలనండీ."

ఏం లాభం? పాలు పోసి వచ్చేసరికి పాకలో గేదె లేదు. దూడ అరుస్తోంది. మా ఆయన శివరామయ్యే పలుపు విప్పి మందలో కలిపేశాడు.

"నలుగురిలో మాట పడలేకపోయానే" అన్నాడు. పెళ్ళాం మాటంటే మాత్రం లెక్కే లేదు మహానుభావుడికి.

కొద్దిరోజులకే గేదె చొంగ కార్చింది. వెంటనే దూడను విడదీశాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మర్నాడు నిలబడ్డ దూడ నిలబడ్డట్టే కూలిపోయింది. దాని మెడ ఒళ్ళో పెట్టుకుని గుండెలవిసేలా ఏడ్చాను.

పరామర్శకొచ్చిన ధర్మారావు గారు ఏమన్నారో తెలుసా?

"మొదట్లో వద్దన్నావుగా. గంగమ్మ తల్లికి కోపమొచ్చింది. సముద్రానికెళ్ళి కొబ్బరికాయ కొట్టిరా. అప్పటిదాకా నీ గేదెను ఊరి కాలవలో దించమాక."

మా ఆయన తలూపాడు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా గేదెకు నీళ్ళు కావాలి కదా, పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి కొట్టాను.

తిరిగి వస్తుంటే దారిలో వేరే ఊరి మంద ఎదురైంది. అన్నిటికన్నా వెనక ఒకామె గేదెనూ దూడనూ తోలుకొస్తోంది. ఆ గేదెకు చొంగ లేదు, కుంటు లేదు. పరుగున వెళ్ళి పలుపు పట్టుకున్నాను.

"వెనక్కి తోలుకుపో చెల్లెమ్మా! నీ గేదె బాగానే ఉంది. ఈ మందలో కలిపితే దూడ దక్కదు."

ఆమె నా చేతిలోంచి పలుపు లాక్కుంది.

"అట్టా అనమాకక్కా, తప్పు. ఆ పక్కూళ్ళో ఒకావిడ ఇట్టాగే తోలనని మొండికేసిందంట. పాపం, దూడ చచ్చిపోయిందంట" అంటూ గేదెను అదిలించింది.