సేపుకొచ్చిన గేదె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది జోగయ్య, మా ఊరి ఆరోగ్య కేంద్రం ఊడ్చే మనిషి. సగం చెప్పి బీడీ కాల్చుకోడానికి లేచిపోయాడు. తక్కిన సగం నేనే అందరినీ అడిగి సరిచూసుకున్నాను, కాబట్టి ఇందులో పొల్లు మాట లేదు.

గజపతినగరం దాటి లోపలికొస్తే మా ఊరు. మంగళవారం వచ్చిందంటే కడుపుతో ఉన్నవాళ్ళంతా కేంద్రానికి వస్తారు. బరువు చూస్తారు, రక్తం చూస్తారు, మాత్రలిస్తారు. ఎదురింటి అసిరమ్మ గేదె అక్కడే వాకిట్లో కట్టేసి ఉంటుంది. రేపు బిడ్డకి పాలివ్వడానికి ఇబ్బంది పడబోయే మనిషి దాని ముందునుంచి నడిస్తే, దూడ లేకుండానే గేదె చేపుతుంది. మావాళ్ళ నోట చేపు సేపవుతుంది. పొదుగులోంచి పాలు వాటంతటవే కారతాయి, అసిరమ్మ చెంబు పెడుతుంది. ఆశా కార్యకర్త బేబీ ఆ మనిషి పేరు రాసుకుని, కాన్పుకి ముందే ఇంటికెళ్ళి బిడ్డని ఎలా పట్టుకోవాలో, రొమ్ము ఎలా అందించాలో నేర్పుతుంది. చెంబులో పాలతో అందరూ టీ తాగుతారు.

ఈ ఏడు వచ్చిన నర్సు యమున రాజమండ్రి పిల్ల. బేబీ ఊళ్ళో లేని ఒక మంగళవారం, మిషన్ చర్చివాళ్ళ కోడలు స్వర్ణ ఎనిమిదో నెలతో వచ్చింది. చెంబు నిండి పొర్లింది.

"ఓలమ్మా! నర్సమ్మా, ఈ పిల్లకి సేపు కావాల, రాసుకో!" అని కేకేసింది అసిరమ్మ.

"ఎంతసేపు?" అంది యమున.

"ఎంతేటి? శానా కావాల."

కాన్పు ఆలస్యమవుతుందని కాబోలనుకుని యమున అలాగే రాసి పంపేసింది.

గేదె పలుపు తెంపుకుని స్వర్ణ వెనకే నడిచింది. వాళ్ళ గుమ్మంలో నిలబడి కారుస్తూనే ఉంది. వాకిలి తెల్లబడింది. గేదెని పట్టుకోడానికి అసిరమ్మ, సంగతేమిటో చూడ్డానికి యమున వెళ్ళారు.

"దూడ మూతెడితే పాలు దిగుతాయి సూడు, అదమ్మా సేపంటే," అంది అసిరమ్మ. "మీ ఊర్లో సేపు గడియారంలోనే ఉంటాదేటి?"

యమున నవ్వలేదు. అరుగుమీద కూర్చుని, తన కాగితంలో లేని ప్రశ్న అడిగింది. "స్వర్ణా, మొదటి కాన్పులో బిడ్డకి పాలిచ్చావా?"

అత్త వెంకటలక్ష్మి అందుకుంది. "దానికి పాలే నేవు. డబ్బాపాలే పోసినాం. ఈసారీ సీసా తెచ్చి ఉంచినాను."

"ఆ సీసాతోనే విరోచనాలు పట్టినాయి," అంది స్వర్ణ మెల్లిగా. "నా కూతురు నలభై రోజులకే పోనాదండి. సాలూరులో మా కన్నోరింట ఉన్నాను. ఎలా పట్టాలో నాకెవులూ సూపించనేదు."

అప్పట్నుంచి యమున, బేబీ కలిసి వారానికి రెండుసార్లు వెళ్ళారు. కాన్పైన గంటలోపే బిడ్డని తల్లి గుండెమీద పడుకోబెట్టారు. మొదటిరోజు చుక్కలే. అత్త సీసా తీసింది.

"ఉండండత్తా, ఇవాళ్టికి ఆ చుక్కలే చాలు," అని యమున ఆపింది. బిడ్డ నోరు సరిగా అందుకునేదాకా మళ్ళీ మళ్ళీ పట్టించింది.

మూడోనాటి పొద్దున బిడ్డ గుటకల చప్పుడు గదిలో అందరికీ వినబడింది. అదే పూట అసిరమ్మ పాలు పితకబోతే గేదె చుక్క ఇవ్వలేదు.

"అయితే అక్కడ దిగినట్టే," అని అసిరమ్మ చెంబు బోర్లించింది.

నెల తిరిగాక స్వర్ణ బిడ్డనెత్తుకుని చర్చిలో సాక్ష్యం చెప్పింది. పాస్టరు సత్యానందంగారు దాన్ని చర్చి పత్రికలో వేయించారు. మా మనవరాలు చదివితే విన్నాను. అందులో "ఒక ఆవు" అని ఉంది. ఆవంటే అచ్చులో అందంగా ఉంటుందనుకున్నారేమో. రెండుసార్లు మనిషిని పంపాను, దిద్దలేదు. ఇది చదివినవాళ్ళెవరైనా ఆయనకి చెప్పండి. అది గేదె. నల్లది.