మా ఆయన కంపు పుస్తకం

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. ముప్పై ఆరేళ్లు చలపతిరావు గారితో, అందులో చివరి తొమ్మిదేళ్లు ఆయన కంపు పుస్తకంతో కాపురం చేసిన ఆడదానికి కోపం రాక ఇంకేం వస్తుంది?

కంపు పుస్తకమంటే ఏమిటో చెబుతాను. మాది బాపట్ల వైపు. ఆయన ఇక్కడ ఒక ప్లాంటులో పనిచేస్తూ, సర్వీసులో ఉండగానే కాజీపల్లి దగ్గర ఇల్లు కట్టించారు. స్థలం చవగ్గా దొరికిందని తెగ మురిసిపోయారు. ఎందుకు చవకో గృహప్రవేశం నాడు గాలి మళ్లాక తెలిసింది. మందుల ఫ్యాక్టరీల కంపు గుప్పున వచ్చేసరికి, బంతిలో కూర్చున్నవాళ్లు విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. మర్నాడే ఆయన ఒక లావుపాటి రిజిస్టరు కొనుక్కొచ్చారు.

అప్పట్నుంచి రోజూ తెల్లవారి అయిదింటికి డాబా ఎక్కి, మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి, దిగొచ్చి రాస్తారు. తేదీ, గాలి ఏ వైపు నుంచి, ఏ రకం కంపు, పదికి ఎన్ని మార్కులు. ‘కాలిన రబ్బరు, అయిదు.’ ‘కుళ్లిన కోడిగుడ్డు, ఎనిమిది.’ పదికి పది మాత్రం ఎప్పుడూ వేయలేదు. రేపు ఇంతకంటే ఘోరమైనది వస్తే అప్పుడేం వేయాలే అంటారు. నెలాఖరుకి జిరాక్సు తీయించి కాలుష్య నియంత్రణ వాళ్ల ఆఫీసుకు పంపుతారు. ఇంతవరకు ఒక్క జవాబు లేదు, ఆయన ఒక్క రోజు మానిందీ లేదు. కూతురు తేజస్విని పెళ్లినాడు కూడా ముందు కంపు పీల్చొచ్చాకే మంగళస్నానానికి కూర్చున్నారు. ఈ పుస్తకం పుణ్యమా అని తొమ్మిదేళ్లుగా నేను పుట్టింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ మే నెలలో మా ఇంట్లో నా చట్టమే నడిచేది. పాలు గేటు దగ్గరే పోయించుకోవాలి. కూరగాయలు ఉప్పునీళ్లలో మునగాలి. పొద్దున కషాయం, సాయంత్రం ఆవిరి. ఆయన అన్నిటికీ తలూపేవారు. కూరల బండివాడు కనిపిస్తే చాలు, మాస్కు గడ్డం కిందికి లాగి లోకాభిరామాయణం మొదలుపెట్టేవారు. “మాస్కు!” అని నేను లోపల్నుంచి అరిస్తే ఒక్క క్షణం పైకి వెళ్లేది, మళ్లీ దిగేది.

ఒకరోజు పొద్దున నేను పొయ్యి మీద ఇంగువ పోపు వేస్తున్నాను. ఆయన మెట్లు దబదబా దిగొచ్చారు.

“రమణా! సున్నా! పదికి సున్నానే!”

రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసేశారు: ‘కంపు లేదు.’ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “తొమ్మిదేళ్లే! నా కాగితాలు ఎవరో చదివారే!” అంటూ, ఇల్లు కట్టాక ఎన్నడూ తీయని వంటింటి కిటికీ తలుపులు బలవంతంగా లాగి బార్లా తెరిచారు.

బయటి గాలి గుప్పున లోపలికొచ్చింది. గుడ్డు కంపు, దాని మీద ఏదో మందు ఘాటు. ఆయన మాత్రం కిటికీ ముందు కళ్లు మూసుకుని “ఆహా” అంటున్నారు.

“మతి పోయిందా మీకు? కంపు చంపేస్తోంది” అన్నాను.

“అది నీ ముక్కులో పేరుకున్న పాత కంపే. అలవాటైపోయి నీకు ఇంకా వస్తున్నట్టుంది” అన్నారు. “సాయంత్రం వీధిలో అందర్నీ మన డాబా మీదికి పిలుస్తున్నా. నువ్వు కేసరి చెయ్యి.”

ఫోను తీసి అప్పుడే నంబర్లు వెతకడం మొదలెట్టారు. అంతలో గేటు చప్పుడైంది. గడ్డపోతారం నుంచి పాలు తెచ్చే మల్లవ్వ. ఆయన ఉత్సాహం ఆపుకోలేక వరండాలోంచే అడిగారు, “మల్లవ్వా, ఇవాళ గాలి ఎట్లా ఉంది చెప్పు!”

“ఏముంటది సారూ, పొద్దుగాల్నుంచి ముక్కు పగుల్తున్నది. మా బర్రె గూడ కుడితి ముడ్తలేదు” అంది మల్లవ్వ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూ.

అప్పుడు వెలిగింది నాకు. వంటింట్లోకి పరుగెత్తి ఇంగువ డబ్బా తెచ్చి, “కళ్లు మూసుకోండి. ఇదేంటి?” అని ఆయన ముక్కు కింద పెట్టాను.

“ఏం పెట్టావే? ఖాళీ చెయ్యేగా?”

కర్పూరం పెట్టాను. వెల్లుల్లి నలిపి పెట్టాను. ఆయన కళ్లు తెరిచి నా చేతిలో వెల్లుల్లిని చూశారు. తర్వాత రిజిస్టరు వంక చూశారు. ఆ మొహం చూడలేకపోయాను.

మల్లవ్వ గేటు అవతల రెండడుగులు వెనక్కి వేసింది. “అమ్మా, జెర దూరముండుండ్రి. మా మరిది ఐలన్నకు గూడ కరోనాల గిట్లనే అయింది. కల్లు వాసనే పట్టలే ఆనికి, ఇంటిల్లిపాది పరేషాన్ అయిన్రు. ఇగ ఇప్పుడు మంచిగనే ఉన్నడు, మల్ల తాగుతున్నడు. ఏం భయపడకుండ్రి.”

మధ్యాహ్నానికి పరీక్షలో తేలింది. నాకు లేదన్నారు, ఆయనకు ఉందన్నారు. ఆశా వర్కర్ అరుణ మందుల సంచీ, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషనూ తెచ్చి గేటు మీద పెట్టింది. “అమ్మా, దీంట్ల తొంభై నాలుగు కంటే తక్కువొస్తే జల్దీ నాకు ఫోన్ కొట్టుండ్రి. సారుకు షుగరున్నది గద, ఆర్నెల్ల పిల్లగాన్ని సూసుకున్నట్టు సూసుకోవాలె.”

ఆయన్ని ముందుగదిలో పెట్టి తలుపేశాను. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. భయమేసింది, దాచుకోవడమెందుకు? అరవై నాలుగేళ్ల మనిషి, షుగరు, రోజూ ఫోన్లో ఎవరో ఒకరు పోయారన్న కబురు.

ఇంతలో ముందుగదిలోంచి పిలుపు. “రమణా, రేపు పొద్దున పుస్తకం ఎవరు రాస్తారే?”

“మనిషి దక్కితే చాలని నేను చస్తుంటే, మీకు పుస్తకమా!” అని తలుపు మీద చేత్తో ఒక్కటిచ్చాను.

లోపల అడుగులు తలుపు దాకా వచ్చాయి. తర్వాత మెల్లిగా, “ఒక్క రోజు ఖాళీ ఉన్నా తొమ్మిదేళ్ల వరస తెగిపోతుందే. నువ్వు పీల్చి రాయవా?” అన్నారు.

ఆ గొంతుకి కాదనలేకపోయాను. మర్నాడు అయిదింటికి, తొమ్మిదేళ్లుగా నేను వెక్కిరించిన డాబా మెట్లు నేనే ఎక్కాను. పీల్చాను. దిగి రాశాను. ముందుగది కిటికీ బయట నిలబడి చదివి వినిపించాను: “నిన్నటి పప్పుచారు గిన్నె మూత తీసినట్టు. ఆరు.”

“అది రిపోర్టా, వంటా? టెక్నికల్‌గా రాయవే!”

రెండోనాడు: “తడిసిన కోడి ఈకలు కాల్చినట్టు. ఏడు.” మూడోనాడు: “మా ఆడపడుచు చేసే రసం. పది.”

“మా చెల్లెల్నంటావా! పది వేయకు, కొట్టెయ్! ఎనిమిది చాలు” అని నవ్వి, నవ్వి దగ్గారు. నవ్వినందుకు సంతోషం, దగ్గినందుకు గుండె దడ. కొట్టేసి ఎనిమిది వేశాను.

చదవడం అయ్యాక నా పరీక్ష. కిటికీ ఊచల్లోంచి సాసరు లోపలికి తోసి నేను వెనక్కి జరిగేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని పీల్చేవారు. ఊరగాయను కొబ్బరినూనె అన్నారు. కాఫీపొడిని విభూతి అన్నారు. నాకు బాధ కలగకూడదని ఏదో ఒకటి అనేవారని నాకు తెలుసు.

అయిదోరోజు మధ్యాహ్నం మిషను తొంభై మూడు చూపించింది. వెంటనే అరుణకు ఫోను చేశాను. అరుణ ఎత్తి, “బోర్ల పండవెట్టుండ్రమ్మా, గంటకోపారి సూడుండ్రి, నేనొస్తున్న” అంది. ఆ గంటలన్నీ తలుపుకి ఇవతల నేలమీద కూర్చున్నాను.

“రమణా, తగ్గాక మీ ఊరెళ్దామే. నాలుగు రోజులుందాం” అన్నారు లోపల్నుంచి, దిండులో మొహం పెట్టుకుని.

“మరి పుస్తకమో?”

“మల్లవ్వ రాస్తుందిలే.”

పుస్తకాన్ని వేరే చేతికి ఇస్తానన్నారంటే నాకు ఇంకా భయమేసింది. ‘స్వామీ, ఈ కంపు బతికినన్నాళ్లూ నోరెత్తకుండా పీలుస్తాను, ఈ మనిషిని నాకు వదిలెయ్’ అని మొక్కుకున్నాను. గేటు దగ్గర అరుణ కూర్చునే ఉంది. సాయంత్రానికి తొంభై అయిదు వచ్చింది. మర్నాటికి తొంభై ఆరు. ఊపిరి కుదుటపడింది, జ్వరం పోయింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. మనిషి ఏదో పోగొట్టుకున్నట్టే ఉండేవారు. నేను వండినవన్నీ గడ్డి నమిలినట్టు నమిలేవారు.

పన్నెండోనాడు డాబా ఎక్కాను. గాలి ఫ్యాక్టరీలున్న గడ్డపోతారం వైపు నుంచి వీస్తోంది. మొదటి పీల్పుకే కళ్లు మండాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దీన్ని ఏ వంటతో పోల్చాలా అని ఆలోచిస్తున్నాను.

కింద కిటికీలోంచి కేక.

“రమణా! కోడిగుడ్డే! కుళ్లిన కోడిగుడ్డు!”

నేనింకా ఒక్క ముక్క రాయలేదు, చదవలేదు. మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. ఆయన రెండు చేతులా ఊచలు పట్టుకుని, మొహం బయటికి పెట్టి పీలుస్తున్నారు. మళ్లీ పీలుస్తున్నారు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అది కంపుకో, సంతోషానికో నేను అడగలేదు. నా కళ్లూ అలాగే ఉన్నాయి.

“పుస్తకం ఇటివ్వు” అన్నారు. ఊచల్లోంచి ఇచ్చాను. దాన్ని కిటికీ గట్టుమీద పెట్టుకుని, చాలా రోజుల తర్వాత తన గుండ్రటి అక్షరాలతో రాశారు: ‘కుళ్లిన కోడిగుడ్డు. తొమ్మిది. చాలా సంతోషం.’

“ఆఫీసుకు పంపే కాగితమండీ. సంతోషమేంటి, నవ్వుతారు, కొట్టేయండి” అన్నాను.

“నవ్వనీవే.”

పుస్తకం లాక్కున్నాను. ఆ తొమ్మిది కొట్టేసి, పక్కన పది వేసి ఇచ్చాను. ఆయన చూశారు, వద్దనలేదు.