గాలి చాలని చోటి మాటలు

ఆసుపత్రి లాండ్రీలో యంత్రాల రొద మధ్య ఆమె ఫోను మోగింది. మొగుడు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండల్లో ఒకదాని మీద, చివరి గుడారంలో ఉన్నాడు. ఇది మూడోసారి. మొదటిసారి రెండు కాలివేళ్లు మంచుకు సమర్పించుకొని వచ్చాడు. రెండోసారి ప్రాణస్నేహితుణ్ణే అక్కడ వదిలేసి రావలసి వచ్చింది. ఈసారి వద్దని పోట్లాడే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. సంచి సర్దిపెట్టి, తన పనికి తాను వచ్చేసింది.

"ఏం చేస్తున్నావు బంగారం?" అన్నాడు.

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తీసి నంబరు చూసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో 'ఏమే', 'ఇదిగో' తప్ప మూడో పిలుపు ఎరగదు మహాతల్లి.

"దుప్పట్లు మడతపెడుతున్నా. మీరెలా ఉన్నారు?"

"హాయిగా ఉంది. చలే లేదు. పాపం, నీ చేతులు ఎంత మొరటుబారిపోయాయో, నేనెప్పుడూ పట్టించుకోలేదు కదూ? ఈ రాత్రికి పైకి బయల్దేరతాం. వచ్చాక నిన్ను పని మాన్పించేస్తా."

ఆ తర్వాత నవ్వాడు. ఎంతకీ ఆపడు.

ఈ మాటల కోసమే కదా ఇన్నేళ్లూ మొహం వాచిపోయి ఉంది! ఇంకాసేపు వినాలనిపించింది. అంతలోనే ఒకటి గుర్తొచ్చింది. పోయిన స్నేహితుడు కూడా చలి లేదంటూ, నవ్వుతూనే చేతి తొడుగులు తీసి పారేశాడట. పైన గాలి చాలక మెదడు మత్తెక్కితే అంతేనని ఈయనే చెప్పాడు.

"ఫోను గైడుకివ్వండి."

"సారు మంచి హుషారుగా ఉన్నారక్కా," అన్నాడు గైడు. "పొద్దుట్నుంచి ఒకటే జోకులు."

"మా ఆయన జోకులేసే మనిషి కాదు తమ్ముడూ. నాతో ప్రేమగా మాట్లాడే మనిషీ కాదు. ఆయనకి ఒంట్లో బాలేదు. కిందికి దించెయ్."

"ఉండక్కా, నడిపించి చూస్తా."

ఫోనులో గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆమె దుప్పటి అంచు నలుపుతూ నిలబడింది.

"తూలిపోతున్నారక్కా. ఇప్పుడే దించేస్తున్నాం."

మర్నాడు మధ్యాహ్నం కింది క్యాంపు నుంచి ఫోను వచ్చింది.

"ఏమే, బుద్ధుందా నీకు? శిఖరం అందేదాకా వచ్చాక దింపించేస్తావా? నిన్నెవరు కల్పించుకోమన్నారు?"

ఆమె దుప్పట్ల కుప్ప మీద కూలబడి, ఆ తిట్లన్నీ చెవులారా వింది. మనిషి బతికాడు. ఒళ్లు తేలికపడింది. ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

"నిన్న నాతో ఏమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"ఏం లేదు లెండి," అంది. "ఏమన్నా తిన్నారా?"