పది నిమిషాల వీడియో

కాలరు మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించి, ఆవిరి చప్పుడు తగ్గేలోపు ఎడమచేత్తో ఫోను తెరిచాడు. ఇరవై రెండేళ్ళుగా అదే లాండ్రీలో అదే బల్ల ముందు నిలబడ్డ మనిషి. ఎంతటి మొండి ముడతనైనా దారికి తెచ్చేవాడు, కుక్కలకు పాఠాలు చెప్పే ఆన్‌లైన్ కోర్సుల ముందు మాత్రం తెల్లమొహం వేశాడు. సాయంత్రంలోగా ఒకటి తేల్చకపోతే బావమరిది వచ్చి తమ కుక్క బుడ్డోణ్ణి తీసుకుపోతాడు. వాడు ఉచ్చతో తడిపిన గడపను రోజూ తుడవలేక భార్య పెట్టిన గడువది.

మొదటి కోర్సువాడు ఏడు రోజుల్లో మీ కుక్క మీతో చేతులు కలుపుతుందని కోతలు కోశాడు. రెండోవాడు గొలుసు బిగించి లాగుతుంటే కుక్క నాలుక బయటికొచ్చింది. ఇదేం మనిషిరా బాబూ అనుకుని మూసేశాడు. మూడో ఆవిడ దగ్గర సంగీతమూ లేదు, హామీలూ లేవు. "మీ కుక్క గురించి నాకేం చెప్పొద్దు. మీరు ఇంట్లోకి వచ్చేటప్పుడు పది నిమిషాలు వీడియో తీసుకోండి. అది మీరు చూశాక రండి" అంది. ఇదేదో పనికొచ్చేలా ఉందనిపించింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు. బుడ్డోడు వెనక వరండాలో నిద్రపోతున్నాడు. చప్పుడు చేయకుండా అలమారులో ఫోను నిలబెట్టి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. ఎప్పటిలాగే గడపలో మడుగు. ఎప్పటిలాగే ఒళ్ళు మండి, ఫోను సంగతే మరిచిపోయాడు.

లాండ్రీకి బయల్దేరుతుంటే గుర్తొచ్చి ఫోను తీసుకున్నాడు, అక్కడికి వచ్చాక చూశాడు. తలుపు తెరుచుకుంది. బుడ్డోడు ఒళ్ళంతా ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వాడింకా దగ్గరికి రాకముందే, చెప్పులైనా విప్పకముందే, అతని చెయ్యి గాల్లోకి లేచింది. ఆ చిట్లించిన మొహం తనదేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. బుడ్డోడు నేలకు కరుచుకుపోయాడు. మడుగు అప్పుడు కట్టింది.

తడిపినందుకే చెయ్యెత్తుతున్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాడు. వెనక్కి జరిపి మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ ముందు లేచింది చెయ్యే. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. షాపులో ఎవరూ లేకపోయినా ఫోనును చొక్కాల కింద దాచాడు.

సాయంత్రం ఇంటి ముందు బావమరిది స్కూటరు ఆగి ఉంది.

"దొరికిందాండీ, ఆ కోర్సేదో?" అంది భార్య. గొంతులో కోపం లేదు. దొరికిందంటే వాణ్ణి ఉండనిచ్చేదే.

దొరికింది, నేర్చుకోవాల్సింది వాడు కాదు, నేనే అని చెప్పాలి. అంటే ఎందుకని అడుగుతుంది. ఆ వీడియో చూపించాలి.

"అన్నీ వట్టి కోతలే. పనికొచ్చేది ఒక్కటీ లేదు" అన్నాడు గోడకేసి చూస్తూ.

"పోనీలే బావా, మా గోడౌను దగ్గర బోలెడు చోటుంది. హాయిగా తిరుగుతాడు" అని బావమరిది చేతులు చాపాడు. బుడ్డోడు స్కూటరెక్కి అతని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎక్కడా తడపలేదు. స్కూటరు మలుపు తిరిగిపోయింది. పిలిస్తే వాడు ముడుచుకుపోతాడేమోనని పిలవలేదు.

భార్య చూడకుండా వీడియో చెరిపేశాడు. చెరిపాక ఇంకా సిగ్గేసింది. ఏదో ఒక పని కావాలని వరండాలోకి వెళ్ళి, వాడు పడుకునే గోనెసంచి దులుపుదామని ఎత్తాడు. కింద, పోయిన నెలంతా వెతికిన అతని పాత బనియను, ఉతకనిది, ముక్కుతో నెట్టి నెట్టి గుండ్రంగా సర్దుకున్న మడతల్లో వాడి నాలుగు తెల్లవెంట్రుకలతో ఉంది.